తిరగని చక్రం మీద గీత

ఆర్లిస్ ట్వీడీ చేతుల గురించి ఆ లోయ పొడవునా ఒక మాట ఉండేది. ఆయన తల పట్టుకుంటే నిద్ర వస్తుంది, తుపాకి పట్టుకుంటే ధర వస్తుంది అని.

అమెరికాలోని మోంటానాలో, గాలి ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరుతున్నట్టుండే ఒక చిన్న ఊళ్ళో, నలభై ఏళ్ళపాటు ఆయన సెలూన్ నడిపాడు. ఒక పక్క దాణా కొట్టు, ఇంకో పక్క బార్. శనివారం పూట పశువుల మందల దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు టోపీలు కొక్కేలకి తగిలించి కుర్చీలో వాలేవారు. జుట్టు రాలుతున్నంతసేపూ మాటలూ రాలేవి. ఆ మాటల మధ్యలో ఎవరో ఒకరు కోటు లోపల్నుంచి పాత గుడ్డమూట తీసేవారు.

"కత్తెర కాస్త పక్కన పెట్టు ఆర్లిస్. మా తాతది. ఎంత పలుకుతుందంటావు?"

ఆర్లిస్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ రివాల్వర్‌ని ఉత్తరపు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. దీపం కింద చూసేవాడు కాదు. దీపం అన్నిటినీ మెచ్చుకుంటుందని, మబ్బు పట్టిన పగటి వెలుగు ఒక్కటే ఉన్నదున్నట్టు చెబుతుందని ఆయన నమ్మకం. ఉక్కు మీద నీలిపూత ఎక్కడ పలచబడిందో, ఎక్కడ గోధుమరంగుకి తిరిగిందో చూసేవాడు. చట్రం మీద, వాన వెలిశాక రోడ్డు మీది నూనెచుక్కలా, పొగరంగులు ఇంకా ఈదుతున్నాయో లేదో చూసేవాడు. మరమేకుల గాడి నలిగి ఉంటే ఎవడో లోపల వేలు పెట్టాడన్నమాట. గొట్టం మీది అక్షరాల అంచులు మెత్తబడి ఉంటే ఎవడో ప్రేమకొద్దీ మెరుగుపెట్టి, దాని వయసుతోపాటు విలువనీ తోమేశాడన్నమాట.

"ఇలా తళతళలాడించమని నీకెవడు చెప్పాడు?" అనేవాడు బాధగా. "జుట్టుకి రంగేసుకున్న ముసలాడు నయం. వాడికి మళ్ళీ తెల్లజుట్టు వస్తుంది."

అన్నిటికన్నా చివర ఆయన చూసేది తూటాలు పెట్టే చక్రాన్ని. పాత కోల్ట్ రివాల్వర్‌కి ఒక పద్ధతి ఉంది. వెనకనున్న సుత్తిని బొటనవేలితో లాగుతుంటే నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. సగంలో ఆపితే చక్రం వదులుగా తిరుగుతుంది. తూటాలు నింపుకునేది అప్పుడే. అక్కడినుంచి సుత్తిని దించాలంటే ముందు దాన్ని పూర్తిగా వెనక్కి లాగి, నాలుగో చప్పుడు విని, అప్పుడే దించాలి. తొందరపడి సగంలోంచే దించితే కింద దాక్కున్న చిన్న ఉక్కు పన్ను లేచి, చక్రం కదిలినప్పుడు దాని నీలిపూత మీద గీరుతుంది. ఒంటి మీద మోసి తిరిగిన తుపాకులన్నిటికీ ఆ గీత ఉంటుంది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరూ అలా తిప్పని తుపాకి ఒకటి కనిపిస్తుంది. దాని చక్రం మొదటి మంచు కురిసిన పొలంలా ఉంటుంది. ఇంకా ఎవరూ నడవలేదు. ధరలో వేల డాలర్ల తేడా ఆ అడుగు పడని మంచులోనే ఉంటుంది.

ఏటా రెండుసార్లు పశువుల వేలం హాల్లో తుపాకుల సంత జరిగేది. ఆర్లిస్ టేబుల్ తలుపుకి దగ్గర్లోనే. ముందు ఒక అట్టముక్క: "చేయి చాచేముందు నోరు తెరవండి." అడక్కుండా ముట్టుకున్నవాళ్ళని ఆయన నలుగురిలో కడిగేసేవాడు. ఒక ఏడు బిల్లింగ్స్ పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరొకాయన ఎవరిదో మచ్చలేని రివాల్వర్‌ని అడిగే తీసుకున్నాడు గాని, కబుర్లలో పడి సుత్తిని సగంలోంచి దించేశాడు. ఆర్లిస్ పక్క టేబుల్ నుంచి ఆ చప్పుడు విని లేచాడు.

"ఆగండి డాక్టరుగారూ! నాలుగో చప్పుడు వినపడలేదే. అది ఎటు పోయింది?"

హాల్లో మొదటినుంచీ ఒక కట్టుబాటు ఉంది. గీత గీసినవాడే ఆ తుపాకి కొనాలి, గీత పడకముందు ధరకి. డాక్టరు ముఖం కందగడ్డలా చేసుకుని చెక్కు రాసిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఆర్లిస్ భార్య నెడ్రాతో, "చెవులుండాలే, చేతులుంటే చాలదు" అని నవ్వాడు.

చెవులు ఒక్కసారిగా పోలేదు. వసంతంలో కంచె మీద వాలే గడ్డిపిట్ట పాటలో పైస్వరాలు ముందు ఎగిరిపోయాయి. తర్వాత టీ కెటిల్ ఈల. తర్వాత మనవరాళ్ళ మాటల చివరి అక్షరాలు. ఒకరోజు తన సొంత రివాల్వర్ సుత్తిని వెనక్కి లాగితే మూడు చప్పుళ్ళే వినిపించాయి. మళ్ళీ లాగాడు. మూడే. నాలుగోది జ్ఞాపకంలో ఉంది కదా అనుకున్నాడు. అప్పటినుంచి ప్రతిసారీ దాన్ని జ్ఞాపకంలోంచి తెచ్చి దాని చోట్లో పెట్టుకునేవాడు. దూరపు పట్నానికి వెళ్ళి చెవి మిషన్ కొనుక్కున్నాడు గాని, అది ట్రక్కు సొరుగులోనే ఉండిపోయింది. చెవిలో మిషన్ పెట్టుకున్నవాడు చెప్పే ధరని ఎవరు నమ్ముతారు? డెబ్భై దాటిన మనిషికి ఆ లోయలో మిగిలింది ఆ నమ్మకం ఒక్కటే.

ఎమెట్ కోల్‌బీ చనిపోయిన చలికాలంలో ఆయన కూతురు వెల్డా ఫోన్ చేసింది. ఎమెట్ రైలు కంపెనీలో కాపలా పని చేసి, తర్వాత పశువులు పెంచిన మనిషి. ఆయన దగ్గర ఒక కోల్ట్ ఉందని, దాని చక్రం పుట్టినప్పటినుంచి ఎవరూ తప్పుగా తిప్పలేదని లోయంతా తెలుసు. ఆయన సెలూన్‌కొచ్చి జుట్టు కత్తిరించుకుంటూ దాని గురించి చెప్పేవాడే గాని, ఒక్కసారీ తెచ్చి చూపించలేదు.

"నాన్నకి ఉన్నవి రెండే," అంది వెల్డా. "ఏటిగట్టు గడ్డిపొలం, ఆ తుపాకి. తమ్ముడు గార్త్‌కి తుపాకి కావాలి. నాకు పొలం కావాలి, నా ఆవులకి శీతాకాలం మేత అదే. రెండూ సరితూగితే గొడవే లేదు. తుపాకి తగ్గితే ఆ తగ్గినంతా పొలంలోంచి వాడికి కోసిస్తానని ఒప్పుకున్నాను. మేమిద్దరం మీ మాటకి కట్టుబడతాం ఆర్లిస్ గారూ. ఇంకెవరి మాటకీ కాదు."

ఆయన వెళ్ళిన రోజు వెచ్చటి చినూక్ గాలి కొండల మీంచి దిగి వస్తోంది. చూరు నుంచి మంచు కరిగి జారుతోంది. ఎవరో ఇల్లంతటినీ నెమ్మదిగా పిండుతున్నట్టుంది. వంటింటి బల్ల మీద వెల్డా తెల్లటి దుప్పటి పరిచి పెట్టింది. గార్త్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు, యాభై దాటినా చిన్నప్పుడు సెలూన్ కుర్చీలో ఎత్తుపీట మీద కూర్చున్నప్పటి లాగే మోకాళ్ళు ఊపుతూ.

"కాస్త ఈ తీపి పై తినండి ముందు," అంది వెల్డా. "రూబార్బ్ కాడలు కూరి కాల్చాను."

"ముందు పని, తర్వాత పై," అన్నాడు ఆర్లిస్.

"ఈయనకి నీ పై ధర కూడా తెలుసు వెల్, అందుకే వాయిదా వేస్తున్నాడు," అన్నాడు గార్త్.

"నోర్ముయ్. నువ్వే కదా నిన్న సగం మింగింది."

గార్త్ లేచి దుప్పటి మీది గుడ్డమూట విప్పాడు. ఆర్లిస్ ముందుకి వంగాడు. సాయంత్రం ఆకాశం చీకట్లోకి జారేముందు ఒక్క క్షణం నిలబడే నీలం ఉంటుంది. ఆ నీలం గొట్టం మీద ఎప్పటినుంచో నిలబడిపోయి ఉంది. చట్రం మీద రంగులు పొగలా కదులుతున్నాయి. మరమేకుల గాడులు ఎవరూ ముట్టుకోనివి. అక్షరాలు గోటికి తగిలేంత పదునుగా ఉన్నాయి.

"ముట్టుకోవచ్చా వెల్డా?"

"మీరు అడగాలా?"

"అడగాలి."

ఆమె తలూపింది. తెల్లటి నూలు తొడుగులు వేసుకుని ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చాడు. చక్రం మీద ఒక్క గీత కూడా లేదు. నలభై ఏళ్ళలో ఇంత శుభ్రమైన చక్రం ఆయన చూడలేదు. ఎమెట్ చెప్పిందంతా నిజమే.

"నాన్న దాన్ని చూసుకున్నట్టు నన్ను ఒక్కసారి చూసుకునుంటే," అన్నాడు గార్త్, "నా మీదా గీతలుండేవి కావు."

"నువ్వు పుట్టడమే వంకర గొట్టంతో పుట్టావు," అంది వెల్డా, కాఫీ కాచే పొయ్యి వైపు తిరుగుతూ.

లోపల తూటాలు లేవని చూసుకోవడం మర్యాద. ఆర్లిస్ సుత్తిని సగానికి లాగి, పక్క తలుపు తెరిచి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ గదులన్నీ చూశాడు. ఖాళీ. ఇక పూర్తిగా వెనక్కి లాగి దించాలి. గార్త్ అక్క మాటకి పగలబడి నవ్వుతున్నాడు. ఆర్లిస్ కూడా నవ్వాడు. నవ్వుతూ లాగాడు. కీళ్ళ దగ్గర బిగుసుకుపోయిన బొటనవేలు సగంలోనే ఆగింది. చప్పుడు వినిపించలేదు. వినిపించకపోవడం అలవాటైపోయింది కాబట్టి, ఎప్పటిలాగే జ్ఞాపకంలోంచి ఒకటి తెచ్చి పెట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి సుత్తిని దించేశాడు. చక్రం బిగుతుగా ఉందో లేదో చూద్దామని వేలితో కదిపాడు.

అది కదిలింది. కదలకూడదు.

వేలికొసకి ఒక గీరుడు తెలిసింది. చెవికి కాదు, వేలికి. తర్వాత పన్ను గాడిలో పడి చక్రం ఆగిపోయింది.

ఆయన తుపాకిని వెలుగులోకి వంచాడు. నీలం మీద వెంట్రుకంత సన్నటి తెల్లటి గీత, కొత్తది, ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది. పశువుల డాక్టరు గుర్తొచ్చాడు. ఆయన ముఖం గుర్తొచ్చింది. చప్పట్లు గుర్తొచ్చాయి.

గార్త్ కిటికీ బయట చూస్తున్నాడు. వెల్డా కప్పుల్లోకి కాఫీ పోస్తోంది. చెప్పడానికి ఆ కాఫీ పోసేంత సమయం ఉంది. నా చేతిలో జరిగింది, అనాలి. ఆ మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. దాని పక్కనే ఇంకో మాట వచ్చి కూర్చుంది. కాఫీ బల్ల మీదికి వచ్చేసరికి రెండోదే లేచింది.

"వెల్డా," అన్నాడు, "ఇక్కడ ఒక గీత ఉంది."

కప్పు కింద పెడుతున్న ఆమె చెయ్యి ఆగింది. "ఉండదు."

"సన్నగా ఉంది. రా, చూడు."

ఆమె చూసింది. గార్త్ వచ్చి చూశాడు. "గీతే," అన్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక ఈల వేశాడు. "ఓహో. నాన్నా, నువ్వు కూడానా?"

"నాన్న అబద్ధమాడడు," అంది వెల్డా.

"మరి దేవదూత వచ్చి తిప్పిందా? ముసలాడు ఎవరూ లేనప్పుడు ఆడుకునేవాడు వెల్. ఊరందరికీ కథలు చెప్పి, ఇంటికొచ్చి టిక్కుటిక్కుమని ఆడుకునేవాడు."

"నాన్న కాదు." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఆ తుపాకి సొరుగు మీద ఈ ఇంట్లో కన్నేసింది ఒక్కడే."

గార్త్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "నేను సొరుగు తెరిచినప్పుడు చిన్నపిల్లాణ్ణి. తెరిచానంతే, ముట్టుకోలేదు. అయినా వీపు మీద బెల్టు పడింది. నువ్వు తలుపు దగ్గర నిలబడి చూశావు."

"నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరున్నారు?"

"నీ ఆవులకి మేత వేస్తూ నేనున్నాను!"

"వేశావు. వేసి సొరుగు కూడా తెరిచావు. గీత గీసి, దాని పేరు చెప్పి నా పొలంలో ముక్క తీసుకుందామని!"

"ఆర్లిస్ గారూ," అన్నాడు గార్త్. "అది పాత గీతా, కొత్త గీతా? మీకు తెలుస్తుంది కదా."

ఆర్లిస్ తొడుగులు విప్పుతున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా లాగి విప్పాడు. "చెప్పడం కష్టం," అన్నాడు.

"ధర ఎంత తగ్గుతుంది?" అంది వెల్డా.

"నలభై వేలు పలికేది. ముప్పై మూడు అనుకోండి."

వెల్డా కూర్చుంది. గడ్డిపొలంలో ఏటి వైపు చివర, నీరు దగ్గరున్న ఆ ముక్క, ఏడు వేలకి సరిగ్గా సరిపోతుందని గదిలో ముగ్గురికీ తెలుసు. ఎవరూ అనలేదు. ఆమె లేచి, మర్యాద తప్పకూడదు కాబట్టి, పై ముక్క కోసి ఆర్లిస్ ముందు పెట్టింది. ఆయన తిన్నాడు. తర్వాత ఆ రోజు గురించి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి అబద్ధం కన్నా ఆ తీపి పై ముక్క ఎక్కువ గుర్తొచ్చేది. ఆఖరి ముక్క దాకా తిన్నాడు. పళ్ళెంలో పొడి కూడా ఫోర్కుతో నొక్కి ఎత్తుకున్నాడు. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

ఆయన ధర చెప్పినందుకు డబ్బు తీసుకోడు. జామ్ సీసా ఒకటి తీసుకుంటాడు. అదీ లోయలో అందరికీ తెలుసు. వెల్డా వాకిట్లో ఆయన చేతిలో చోక్‌చెర్రీ జామ్ సీసా పెట్టింది. "నిజం చెప్పినందుకు థాంక్స్," అంది. "ఇంకొకడైతే నా ముఖం చూసి దాచేవాడు."

ఆయన సీసా తీసుకున్నాడు.

ఇంటికి వెళ్ళే దారంతా చినూక్ గాలి ట్రక్కుని పక్కకి నెడుతూనే ఉంది. మంచు కరిగి పొలాలు మరకలు మరకలుగా బయటపడుతున్నాయి. సీసా పక్క సీటు మీద ఒక మనిషిలా కూర్చుని ఉంది.

తర్వాత రోజుల్లో ఆయన సన్నబడ్డాడు. అద్దంలో గడ్డం గీసుకుంటూ మధ్యలో ఆపేసేవాడు. దాణా కొట్టులో ఎవరో చెప్పారు, గార్త్ ఇల్లు వదిలి ఏటిపక్కన చక్రాల ట్రెయిలర్‌లో ఉంటున్నాడని, అక్కాతమ్ముళ్ళు ఒకే చర్చిలో వేరువేరు బెంచీల్లో కూర్చుంటున్నారని. "ఎమెట్ మహా నిఖార్సైన మనిషనుకున్నాం," అన్నాడు కొట్టు యజమాని గోనె మోస్తూ. "ఆయనా అందరిలాంటివాడే. నువ్వు పట్టేశావటగా ఆర్లిస్."

పట్టేశావటగా. ఆ మాటని ఆయన ఇంటిదాకా మోసుకెళ్ళాడు, గోనె కన్నా బరువుగా.

ఒకరోజు ఏటిదారిన వస్తూ చూశాడు. గడ్డిపొలం చివర కొత్త కొయ్యలు, వాటికి కట్టిన నారింజరంగు రిబ్బన్లు గాలికి ఎగురుతున్నాయి. కొలతలు వేసేవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆయన ట్రక్కు ఆపి చూస్తూ కూర్చున్నాడు. ఆ ముక్కని తన వేలే కోసింది. అక్కడ నుంచున్న కొయ్యలన్నీ అక్షరం అక్షరంగా తను ఆ వంటింట్లో అనకుండా వదిలేసిన వాక్యం.

ఆ సాయంత్రం నెడ్రా రొట్టె మీద జామ్ రాస్తోంది. "ఇది కోల్‌బీల ఇంట్లోది కదూ? నువ్వు రుచి కూడా చూడలేదు. ఏంటి సంగతి?"

"ఆ గీత నేనే గీశాను," అన్నాడు.

ఆమె కత్తి పక్కన పెట్టింది. ఆయన మొత్తం చెప్పాడు. నాలుగో చప్పుడు గురించి కూడా.

"నీకు చెవుడని నాకు తెలీదనుకున్నావా?" అంది ఆమె చివరికి. "రెండేళ్ళుగా కెటిల్ అరుస్తుంటే నేనే లేస్తున్నాను. పోన్లే, ముసలాడికి సిగ్గు, ఊరుకుందాం అనుకున్నాను. ఇలాంటి పని చేస్తావని తెలిస్తే ఆ మిషన్‌ని మేకుతో కొట్టి చెవిలో బిగించేదాన్ని."

"తిట్టు."

"తిట్టను. తిట్టించుకుని తేలిగ్గా నిద్రపోదామనుకుంటున్నావు. వెళ్ళి వాళ్ళతో చెప్పు."

తెల్లారి వెళ్ళాడు. గార్త్ ట్రెయిలర్ దగ్గర లేడు. పొలం చివర, కొయ్యల వరసలో కంచె గుంజలు పాతడానికి గుంతలు తవ్వుతున్నాడు. కొయ్యలకి అవతల వెల్డా, తండ్రి పాత కోటు వేసుకుని, ఆవులకి గడ్డి విసురుతోంది. ఇద్దరి మధ్యా పట్టుమని పది గజాలు లేవు. మాటలు లేవు. ఆర్లిస్ బురదలో నడుచుకుంటూ వచ్చి, ఇద్దరికీ వినబడేలా నిలబడ్డాడు. చెవిలో మిషన్ ఉంది. లోకం ఒక్కసారిగా గలగలమంటోంది. ఆయనకి తన గొంతే మరీ పెద్దగా వినిపించింది.

"మీ నాన్న నిజమే చెప్పాడు. నేను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ చక్రం మీద ఏమీ లేదు. సుత్తిని సగంలోంచి దించింది నేను. ఆ గీత నాది."

గార్త్ గుంత తవ్వే పార మీద వాలాడు. "నేను అడిగాను మిమ్మల్ని," అన్నాడు. "పాతదా కొత్తదా అని. మీ కళ్ళలోకి చూసి అడిగాను."

"అడిగావు."

"'చెప్పడం కష్టం' అన్నారు."

"కష్టంగానే ఉండింది," అన్నాడు ఆర్లిస్. ఆ మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలీక అక్కడే చచ్చిపోవాలనిపించింది.

గార్త్ నవ్వాడు. మంచి నవ్వు కాదు. "మీ హాల్లో ఏదో రూలుంది కదా ఇలాంటివాటికి?"

"గీసినవాడు కొనాలి. గీత పడకముందు ధరకి. నా దగ్గరున్నవన్నీ అమ్మి కొంటాను. అదే చెబుదామని వచ్చాను."

"అంటే తప్పు మీది, తుపాకి కూడా మీదే? భలే రూలండీ! మా నాన్నది, ఆయన చెయ్యి తగిలింది, ఇక నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని పట్టుకుపోయి చేతులు దులుపుకుందామనా?"

ఇన్నేళ్ళూ ఆ కట్టుబాటు ఆర్లిస్‌కి చాలా న్యాయంగా కనిపించింది. డాక్టరు చెక్కు రాసిచ్చి, ఒక మంచి తుపాకి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. తుపాకి పోగొట్టుకున్నవాడు ఆ రోజు ఏ మూల నిలబడ్డాడో, ఏ ముఖంతో నిలబడ్డాడో ఆర్లిస్ చూడనే లేదు. చప్పట్లు వింటున్నాడు.

"తుపాకి నాదే," అన్నాడు గార్త్. "తగ్గిన ఆ ఏడు వేలూ నాకు మీరిస్తారు, పొలంలోంచి కాదు. ఇవ్వకపోతే మీ గుమ్మంలో కూర్చుంటా. అది తేలికే. వసంతం సంతలో, హాల్లో, అందరి ముందూ, మైకులో చెప్పాలి. దాణా కొట్టులో మా నాన్న పేరెత్తి నవ్వుతున్నారు, తెలుసా? అదీ తుడవాలి మీరు."

"చెబుతాను."

వెల్డా ఇంతసేపూ కదల్లేదు. గడ్డి పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. "నేను మీకు థాంక్స్ చెప్పాను," అంది. "నిజం చెప్పినందుకు."

ఆయన తల దించుకున్నాడు.

"నాకు క్షమించడం వచ్చో రాదో ఇప్పుడు తెలీదు ఆర్లిస్ గారూ. మీరు వెళ్ళండి. మీరున్నంతసేపూ నేను వాడి ముఖం చూడలేను."

ఆయన వెనుదిరిగాడు. ట్రక్కు దగ్గరికి వెళ్ళాక ఒక్కసారి చూశాడు. వెల్డా కొయ్యల వరస దాటి వచ్చి, తమ్ముడికి ఏమీ చెప్పకుండా, రెండు చేతులతో ఒక కొయ్యని పట్టుకుని అటూ ఇటూ ఊపి పెకిలిస్తోంది. నేల లోపల ఇంకా గడ్డకట్టే ఉంది, అది రాలేదు. గార్త్ కాసేపు చూశాడు. తర్వాత పార తెచ్చి దాని మొదట్లో గుచ్చాడు. గట్టుమీద గడ్డిపిట్ట ఒకటి కూసింది. పాట మొత్తం, పైస్వరాలతో సహా, ఆయన చెవిలోకి వచ్చింది. దాన్ని వినడానికి తనకి హక్కు లేదనిపించి, ఇంజిను స్టార్ట్ చేశాడు.

వసంతం సంత రోజు హాలంతా కిక్కిరిసింది. కాఫీ, నూనె, తడి ఉన్ని వాసన. సంత నడిపే బెర్నీస్ మైకులో, "ఆకుపచ్చ పికప్ ఎవరిదండీ, దారికి అడ్డంగా ఉంది, మీ అమ్మ పెళ్ళికి అడ్డం పడింది చాలక ఇక్కడ కూడా..." అంటుంటే జనం నవ్వారు. ఆర్లిస్ ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు. ఆయన ముఖం చూసి ఆమె మైకు ఇచ్చేసింది.

ఆయన క్లుప్తంగానే చెప్పాడు. తన పేరు, ఎమెట్ పేరు, ఎమెట్ చెప్పింది నిజమన్న సంగతి, గీత ఎవరిదో, ఆ తర్వాత ఏమన్నాడో, నింద ఎవరి మీద పడిందో. చెవుడు గురించి కూడా చెప్పాడు గాని, దాన్ని సాకుగా చెప్పకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. చెప్పడం అయిపోయాక మైకు ఎటు పెట్టాలో తెలీక కాసేపు పట్టుకునే నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిట్టనూలేదు. మగాళ్ళు తమ బూట్ల వైపు చూసుకున్నారు. ఒకాయన దగ్గాడు. వెనక వరసలో గార్త్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. దాణా కొట్టు యజమాని దేన్నో వెతుక్కుంటున్నట్టు టేబుల్ కిందికి వంగాడు. బెర్నీస్ మైకు తీసుకుని, "సరే... ఆకుపచ్చ పికప్," అంది మెల్లగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన తన టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. అట్టముక్కని తీసి కింద పెట్టాడు. జనం ఆయన టేబుల్ దగ్గరికి వచ్చేసరికి కాస్త వంపు తిరిగి వెళుతున్నారు, రాయి దగ్గర నీరు వంగినట్టు. తనే ఇంతకాలం ఎంతమందిని అలా రాళ్ళు చేశాడో ఆయనకి లెక్క లేదు.

మధ్యాహ్నం దాటాక, ఈ లోయవాడు కాని ఒక పెద్దాయన, బహుశా పొద్దున మైకు వినలేదు, గుడ్డమూట తెచ్చి టేబుల్ మీద విప్పాడు. "మీరు చూస్తారని చెప్పారండీ. మా ఆవిడ తాతగారిది."

మంచి తుపాకి. ఆర్లిస్ చేతులు తమంతట తాము లేచాయి. ఆయన వాటిని వెనక్కి తీసుకుని తొడల కింద పెట్టుకున్నాడు.

"మీరే పట్టుకోండి," అన్నాడు. "ఇలా కిటికీ వైపు. సుత్తి కూడా మీరే లాగండి, నెమ్మదిగా, చివరిదాకా. నేను చూస్తాను."

పెద్దాయన కాస్త విచిత్రంగా చూశాడు గాని, చెప్పినట్టే చేశాడు. ఆర్లిస్ వంగి వెలుగులో చూసి, రంగు గురించి, మరమేకుల గురించి, అక్షరాల గురించి చెప్పి, చివరికి ధర చెప్పాడు. చెప్పి, "పొద్దున నేను మైకులో ఒక మాట చెప్పాను," అన్నాడు. "మీరు విన్నట్టు లేదు. విని ఉంటే ఇంకెవరినైనా కూడా అడిగేవారు. అడగండి. ఆ ఎర్రచొక్కా ఆయన్ని అడగండి. నమ్మకస్తుడు."

పెద్దాయన ఆయన ముఖం కాసేపు చూసి, తుపాకిని గుడ్డలో చుట్టుకుని ఎర్రచొక్కా ఆయన టేబుల్ వైపు నడిచాడు. ఆర్లిస్ చేతులు తొడల కిందే ఉన్నాయి. తిమ్మిరెక్కుతున్నాయి. ఆయన వాటిని బయటికి తియ్యలేదు.